మా వదినె ఒళ్లె గుళికలు

ఈ వానకాలం మొదట్ల, పసుపు విత్తనం పెట్టినంక, మా వదినె పోయింది. ఊపిరాడక పోయింది. నాకు ఇంకా కోపం సల్లారలే, అందుకే రాస్తున్న. సదువు తక్కువోన్ని. తప్పులుంటే దిద్దుకోండ్రి, మాటను మాత్రం మార్చకుండ్రి.

సావుకాడికి వచ్చినోళ్లల్ల ఒకడు, "చేతులకు తొడుగులు ఏస్కోవాలె గద, ఆమెకే ఫికర్ లేకుండె" అన్నడు. ఇంటిల్లిపాది తిన్నంక తిన్న మనిషికి ఫికర్ లేదా? ఆ తొడుగులు ఎవడు తెచ్చిచ్చిండు ఆమెకు?

దుంపను పురుగు తింటదని పసుపుల ఫోరేట్ గుళికలు చల్లేది. సంచి మీద విషమని ఎర్ర గుర్తుండేది. మా ఆర్మూర్ దిక్కు విత్తనమైనా ఎరువైనా ఆడోళ్లు కొంగు ఒడి కట్టి, ఒళ్లె పోసుకొని చల్లుతరు. గుళికలు గూడ గట్లనే. ఇసుక కలిపి, కడుపుకు ఆన్చుకొని, ఉత్త చేతులతోటి. సాలు మీద వదినె చెయ్యి ఆడిందంటే ఒక్క మొక్క తప్పకపోయేది.

మధ్యాహ్నం గట్టు మీద మన్నుతోటి చేతులు రుద్దుకొని సద్ది ఇప్పేది.

"వాసన పోలే గద వదినె" అంటే, "నీ బీడీ కంపు కంటే నయమే, తిను తియ్యి" అనేది.

పొద్దు వాలేసరికి తల తిరిగేది, కండ్లు మసకలయ్యేటియి, నోట్లె ఉమ్మి ఊరేది. ఎండ దెబ్బ అనుకొని జరంత మజ్జిగ తాగి మళ్ల సాళ్లకు దిగేది.

"ఆ మందు నరాల మీద, ఊపిరి మీద కొడ్తది పెద్దాయనా, అందుకే బంద్ చేసిండ్రు. ఈమెకు దానితోనే వచ్చిందని మాత్రం రాసియ్యలేను" అన్నడు దవాఖానల డాక్టర్. సరే, రాయకు. బంద్ చేసిన మందు దుకాణంల ఎట్ల దొరికింది మరి? "పాత సరుకు లోపలున్నది" అని ఒకడు మా అన్నకు అంటగట్టిండు. పైనోళ్లు కాయిదం మీద బంద్ పెట్టిండ్రు. సాళ్లల్ల నడిచే ఆడిమనిషికి ఒక్కడన్న వచ్చి చెప్పిండా?

దినాలైనంక సూస్తే, పోయినేడు చల్లంగ సంచిల సగం మిగిలి ఉండె. అన్న కొడుకు దాన్ని చేనుకాడికి తెచ్చిండు. వాని పెండ్లాం అప్పటికే కొంగు ఒడి కట్టుకున్నది.

"దించు" అన్న నేను.

"ఈ ఒక్క ఏడు చల్లి ఖతం చేస్తం కాకా. పంట పోతే నువ్విస్తవా?"

"మీ అమ్మ పోయింది. ఎవడిచ్చిండ్రా?"

వాడు సంచి కింద పెట్టిండు. కోడలు ఒడి ఇప్పేసింది. సంచి మూతి కట్టి, ఎవ్వలకు అందకుండ కొట్టంల అటక మీద పెట్టినం. తీస్కపోండ్రని వ్యవసాయ ఆఫీసోళ్లకు చెప్పినం. ఇంకా వస్తనే ఉన్నరు!

ఇయ్యాల చేనుకు పోయిన. రెండు సాళ్లల్ల ఆకు వాలిపోయింది, దుంపకు పురుగు పడ్డది. కోడలు వంగి మెత్తబడ్డ దుంపలు పెరికి గట్టు మీద ఏస్తున్నది. వాటి సుట్టు గోరింకలు దిగినయి. గుళికలు చల్లిన ఏండ్లల్ల అవి మా చేన్ల వాలంగ నేను సూడలే. కోడలి కాళ్లకాడికే వచ్చి పురుగులు పొడుసుకుంటున్నయి. ఆమె అదిలిస్తలేదు.