హంతకుడి పేరు ముందే చెప్పిన శనివారం

కర్ణాటకలోని గూళూరులో మా వీధి అరుగు మీద శనివారం సాయంత్రం ఎందరు కూర్చున్నారో రాసిపెట్టడం మా నాన్నగారి అలవాటు. తాను పురాణం చెప్పిన రోజుల్లో ఆ సంఖ్యను పంచాంగం అంచున వేసేవారు. చెప్పేవారిని అందులో కలిపేవారు కాదు, విన్నవారే లెక్క. నేను చింతామణిలో ప్రౌఢశాల, అంటే హైస్కూలు, గణితం టీచరును. తారీఖు, వేళ లేకుండా నోటుపుస్తకంలో ఒక్క వాక్యం కూడా రాయను. ఆ క్రమం ఆయన నుంచి వచ్చిందే.

గొంతుకు శస్త్రచికిత్స జరిగి ఆయన మాట పోయాక పంచాంగం అంచులు ఖాళీగా మిగిలాయి. శనివారం పొద్దు వాలగానే ఆయన లోపలి గదిలోకి వెళ్ళి తలుపు చేరవేసుకునేవారు. ఆయనను మళ్ళీ అరుగు మీదికి రప్పించాలన్నది నా పట్టుదల.

పురాణవిద్య నాకు అబ్బలేదు. బాగేపల్లి నుంచి చింతామణి వెళ్ళే బస్సులో నేను వినేవి వేరు: పాత ఇంగ్లండు అపరాధ పరిశోధన కథలను నాటకాలుగా మలిచిన ఆడియోలు. పల్లెటూరి బంగళా, వాన, టీ కప్పుల చప్పుడు, ఒక శవం, ఏడుగురు అనుమానితులు. ఎవరు ఏ వేళకు ఎక్కడున్నారో పట్టిక గీసుకుంటూ వింటాను. వీటినే అరుగు మీద వినిపిస్తే? నాన్నగారు పద్యం చదివి, ఆగి, అర్థం చెప్పేవారు. నేను ఫోనులో కొంత వినిపించి, ఆపి, తెలుగులో అర్థం చెబుతాను. చిక్కబళ్ళాపురం వెళ్ళి చిన్న స్పీకరు కొనుక్కొచ్చాను. సరిగ్గా రెండు నిమిషాలకొకసారి ఆపాలని నియమం పెట్టుకున్నాను.

మొదటి శనివారం పద్నాలుగు మంది వచ్చారు. రెండో శనివారం తొమ్మిది. మూడోసారి నలుగురు; వారిలో ఒకరు నిద్రపోయారు.

“టీచరమ్మా, ఆ ముసిలాయప్పను సంపిందెవురో ముందు చెప్పు. ఆమేల నిమ్మళంగా వింటాం” అన్నది రెండు ఆవులతో పాడి చేసుకునే పక్కింటి పెద్దమ్మ.

“అది చెబితే ఇంకేముంది పెద్దమ్మా? చివరిదాకా దాచడమే ఈ కథల గొప్ప.”

“దాసేకి అదేమన్నా బంగారమా? ఎవుని మాట నమ్మల్లో తెలీక అందరి మాటా ఇడిసిపెడ్తాండాం.”

ట్రాక్టరు తోలే ఆమె మరిది నవ్వాడు. “మా వదినకు ఓపిక లేదు టీచరమ్మా. పెండ్లిలో గూడా పాయసమే ముందు తింటాది.”

“నీ మాదిరి పాయసం కోసరమే పెండ్లికి పోను లేరా!”

నేను చెప్పలేదు. ఏ పుస్తకానికీ చివరి పుట ముందు తెరిచిన మనిషిని కాను. స్పీకరు తీసుకుని లోపలికి వెళితే నాన్నగారు మాటకు బదులు రాసి చూపే పలక నా వైపు తిప్పారు. తలుపు వెనుక అంతా విన్నారన్నమాట.

“రాక్షసుడు చస్తాడని తెలియక ఎవరైనా పురాణానికి వచ్చారా?”

“అది వేరు, ఇది వేరు నాన్నా” అన్నాను. ఆయన పలక తుడిచి మళ్ళీ రాశారు: “చెప్పి చూడు.”

తరువాతి శనివారం, పెద్దమ్మ పిలుచుకు వచ్చినవారితో కలిపి, ఆరుగురు కూర్చున్నారు. నా పంతాన్ని పక్కనపెట్టి మొదటి వాక్యంగా చెప్పేశాను: “చంపింది డాక్టరు.” అందరూ గోడకు ఆనుకుని సర్దుకున్నారు. స్పీకరులో డాక్టరు గొంతు వినబడగానే, “వచ్చినాడమ్మా, తేనె పూసిన నోరు!” అన్నది పెద్దమ్మ. అతను పలికిన ప్రతి మాటకూ అరుగు మీద ఎవరో ఒకరు నాలుక చప్పరించారు. తోట చివర కేక విని పరుగెత్తుకొచ్చానని అతను చెప్పినట్టు నేను అర్థం వివరించగానే పెద్దమ్మ చెయ్యెత్తింది.

“నిలుపు, నిలుపు. పరిగెత్తొచ్చినోనికి ఆయాసం యాడ? రెండావుల్ని తోలుకొచ్చేకే నాకు ఊపిరి ఆడదే!”

వెనక్కి తిప్పి వినిపించాను. నిజమే. తక్కినవారంతా రొప్పుతున్నారు, డాక్టరు శ్వాస మాత్రం కూర్చున్నవాడి శ్వాస. ఆ నాటకాన్ని అంతకుముందు మూడుసార్లు విన్నాను. నా పట్టికలో నిమిషాలన్నీ ఉన్నాయి, ఊపిరికి గడి లేదు. ఇంగ్లీషు ముక్క రాని మా అరుగు దాన్ని పట్టుకుంది. నా విద్యార్థికి నూటికి నూరు వచ్చిన రోజున కూడా నాకు అంత గర్వం కలగలేదు.

నవ్వుల మధ్య లోపలి తలుపు తెరుచుకుంది. నాన్నగారు వచ్చి నా పక్కన కూర్చున్నారు. రెండు నిమిషాలు నిండగానే, మాట సగంలో ఉండగా నేను ఆపబోతే, నా చేతిని పక్కకు నెట్టి ఫోను తానే తీసుకున్నారు. ఆయనకూ ఇంగ్లీషు రాదు. కానీ గొంతు ఎక్కడ దిగుతుందో, భావం ఎక్కడ కూర్చుంటుందో ఆయన వేలికి తెలుసు. ఒకసారి నలభై సెకన్లకు ఆపారు, మరోసారి నాలుగు నిమిషాలకు. ఆపిన ప్రతిచోటా అర్థం నా నోటికి నిండుగా వచ్చింది.

అందరూ లేచి వెళ్ళాక ఆయన పంచాంగం తెరిచి అంచున అంకె వేశారు. ఆరు. నా నోటుపుస్తకంలో ఏడు ఉంది. లోపలి నుంచి వచ్చిన ఆయనను కూడా కలిపి లెక్కించాను. “ఒకరు తగ్గారు నాన్నా” అన్నాను. ఆయన ఫోను నా చేతిలో పెట్టి, తల అడ్డంగా ఊపి, పంచాంగం మూసేశారు.

అప్పుడు అర్థమైంది. ఏడు కొట్టేసి, ఆరు వేసుకున్నాను.