మడత విప్పి చూడప్పా

హోసూరులో మా ఆఫీసు మేడ మీద ఉంటుంది. కింది షెడ్డులో ఇనుము కోస్తుంటే కాలిన నూనె వాసన మెట్లెక్కి వస్తుంది. ఆ వాసన తగిలితే చాలు, రత్నమ్మ మేడం నా వెనక నిలబడి కంప్యూటర్ తెరను చూస్తున్నట్టే ఉంటుంది. నేను కడప నుంచి వచ్చి చేరినప్పుడు ఆమే నాకు పై అధికారి. రోజూ రాయకోట నుంచి బస్సులో వచ్చేది. మేము చేసిన పనంతా ఒకే టెక్స్ట్ ఫైలులో రాయాలన్నది ఆమె పెట్టిన పద్ధతి. ఇచ్చిన కమాండ్ రాసి, కంప్యూటర్ చెప్పిన జవాబును దాని కిందే చేర్చాలి. ఆ జవాబు ఒక్కోసారి వందల వరుసలుంటుంది కాబట్టి ఎడిటర్‌లో ఒక్క వరుసగా మడిచేస్తాం. మీట నొక్కితే మళ్ళీ విచ్చుకుంటుంది.

నేను మడిచిన ప్రతిదాన్నీ ఆమె విప్పేది. ఒకసారి ‘నకలు తీయడం పూర్తి’ అని రాసి మడిచాను. ఆమె విప్పి, రెండు ఫైళ్ళు నకలు కాలేదన్న వరుస మీద వేలు పెట్టింది. మడిచే ముందు చదివావా అంటే చదివానన్నాను.

“చదివింటే మడిచేవాడివి కాదప్పా” అంది.

అప్పటికి నాది ఆర్నెల్ల పరీక్షా కాలం. నన్ను సాగనంపి ఉద్దనపల్లిలో ఉన్న తన బంధువునెవరినో పెట్టుకోవడానికే ఈ తప్పులు పోగేస్తోందని నా గట్టి అనుమానం. ఆమె ఫోనులో గొంతు తగ్గించినా నా గురించే అనుకునేవాణ్ణి.

ఒక సోమవారం కింది షెడ్డులో మెషీన్లు ఆగిపోయాయి. వాటిని నడిపే ప్రోగ్రాముల ఫోల్డరు మాయమైంది. శనివారం పాత ఫోల్డర్లు తీసేసింది మేమిద్దరమే. ఫైలులో ఆఖరి రాత కింద ఉన్న పేరు నాది కావడంతో, ఇక రేపటి నుంచి రావద్దన్నాడు మేనేజరు. అంతా ఈమె పన్నాగమేనని ఆమె వంక కోపంగా చూశాను. ఆమె కుర్చీ జరుపుకుని, నా రాతకు పైనున్న తన రాత దగ్గరికి వెళ్ళి మడత విప్పింది. తీసేసిన వాటి వరుసల మధ్యలో ఎక్కడో ఆ ఫోల్డరు పేరుంది.

“ఇది నేను తీసేసినాను సార్. ఈ అబ్బాయి కాదు.”

మేనేజరు వెళ్ళిపోయాడు. ఆమె నా వైపు తిరిగి అడిగింది.

“శనివారం నా తర్వాత ఈడ కూర్చున్నది నువ్వే కదా. నా మడత ఎందుకు విప్పలేదు?”

“మీది కదా అని, మేడం.”

“నాదైతే?”

ఆ శనివారం సాయంత్రమే విప్పి ఉంటే ఆ పేరు కంటబడేది, పాత నకలులోంచి ఫోల్డరును తిరిగి తెచ్చుకునేవాళ్ళం. ఆదివారం తీసిన కొత్త నకలు ఆ పాతదాన్ని చెరిపేసింది. నాలుగు రోజులు ఇద్దరం కాగితపు డ్రాయింగులు ముందేసుకుని ప్రోగ్రాములన్నీ మళ్ళీ రాశాం. నా ఉద్యోగం ఖాయమైంది. ఆమెను స్టోర్సుకు మార్చారు.

ఆమె మనసును ఆర్నెల్లు శంకించాను, పనిని ఒక్క పూట కూడా శంకించలేదు. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. ఇప్పుడు నా దగ్గర చేరేవాళ్ళతో ముందు నా మడతలే విప్పమంటాను. మీవి కదా సార్, ఎందుకని ఎవరైనా మర్యాదగా నవ్వితే నాకు భయమేస్తుంది.