దుంగ జెట్టీల వరకు మాత్రమే

మా తమ్ముడు హెడ్లీ స్నూక్‌తో కలిసి భోంచేయడమంత విసుగు పని ఇంకోటి లేదు. ఆదివారం పూట ఉప్పు మాంసం, క్యాబేజీ, బంగాళాదుంపలు ఉడికించి ముందు పెడతానా, చెంచా ఎత్తకముందే మొదలుపెడతాడు. "అక్కా, సెల్బీ వాళ్ళ జెట్టీకి తూర్పు మూల కింద పురుగు పట్టిందే." ఇక నేను తినేదంతా సముద్రంలో దుంగల్ని తొలిచే ఆ పురుగు పుట్టుపూర్వోత్తరాలు వింటూనే. పెళ్ళెందుకు కాలేదు వీడికని మా రాగెడ్ ఆర్మ్ ఊళ్ళో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆ పురుగుల పురాణం వినే ఓపిక ఏ ఆడదానికుంటుంది? అక్కను కాబట్టి నాకు తప్పలేదు.

వాడు సాధువేమీ కాదు, ముందే చెబుతున్నాను. గర్వం, మొండితనం, ఎదుటివాడి మాట పూర్తి కాకముందే తప్పుపట్టే గుణం, అన్నీ ఉన్నాయి. పట్నంలో రెండేళ్ళ టెక్నికల్ డిప్లొమా చదివి వచ్చి, క్రిచ్ అనే ఇంజనీరుగారి కంపెనీలో చేరాడు. ఆయన పట్నంలో ఉంటాడు, వీడు ఇక్కడ. తీరం పొడుగునా ఉన్న చేపల రేవులన్నిటికీ ట్రక్కు వేసుకుని వెళ్ళడం, రబ్బరు సూటు తొడుక్కుని చల్లటి నీళ్ళలో జెట్టీ కిందికి దిగడం, ఏ దుంగ పుచ్చిందో, జెట్టీని మోసే రాళ్ళ పెట్టెల్లో ఏది ఒరిగిందో చూడటం, దాన్నెలా బాగుచేయాలో ప్లాను గీయడం, ఇదీ వాడి బతుకు. ఆ ప్లాను పట్నం వెళుతుంది. క్రిచ్‌గారు దాని మీద తన ముద్ర కొడతాడు. లైసెన్సున్న ఇంజనీరు ముద్ర లేనిదే ఒక్క మేకు కొట్టడానికి వీల్లేదు, చట్టం. ముద్ర కొట్టేవాడు ఆ పనిని దగ్గరుండి నడిపించాలి, అదీ చట్టమే. క్రిచ్‌గారు ఏనాడూ హైవే మలుపు దాటి మా వైపు రాలేదు.

ఇది ఊళ్ళో అందరికీ తెలుసు. అందుకే హెడ్లీని "ఇంజనీరూ" అని పిలిచి ఏడిపించేవాళ్ళు. రేవు కమిటీకి పెద్ద సెల్బీ పార్డీ, పీతల పడవ వాడిది, నలుగురు కనబడితే చాలు మొదలుపెట్టేవాడు. "ఏం ఇంజనీరూ, నీ ముద్ర ఏ జేబులో పెట్టుకున్నావు? ఓసారి చూపించు, కళ్ళకద్దుకుంటాం!" మా వాడు చెవుల దాకా ఎర్రబడిపోయి, ముద్రకూ పనికీ తేడా ఏమిటో వివరించబోయేవాడు. అప్పటికే అందరూ నవ్వుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళు.

ఉన్నట్టుండి క్రిచ్‌గారు పని మానేస్తానన్నాడు. కంపెనీని ఎవరో సముద్రం అవతలి మెయిన్‌ల్యాండ్ వాళ్ళు కొంటున్నారు. లైసెన్సున్నవాళ్ళనే ఉంచుకుంటాం, లేనివాళ్ళు కొలతల టేపు పట్టుకోవచ్చు అన్నారట. ఆ మాట విన్నాక హెడ్లీ వారం రోజులు పురుగుల ఊసు కూడా ఎత్తలేదు. తరువాత కాగితాల కట్టతో నా వంటింటి బల్ల మీద తిష్ఠ వేశాడు.

"పరిమిత లైసెన్సని ఒకటుందే అక్కా. ఇంజనీరింగు డిగ్రీ లేకపోయినా, ఏదో ఒక్క రకం పనిలో ఏళ్ళ తరబడి సొంత బుర్రతో పనిచేసిన వాళ్ళకిస్తారు. ఆ ఒక్క పనికే చెల్లుతుంది. నా పేరు, నా ముద్ర."

"ఏం పనికి?"

"దుంగ జెట్టీలు, చిన్న పడవల్ని ఒడ్డుకు లాగే స్లిప్పులు. అంతవరకు మాత్రమే."

ఆ "మాత్రమే" అన్నప్పుడు వాడి ముఖం చూడాలి. ఎవరో సముద్రం మొత్తం రాసిచ్చినట్టు వెలిగిపోయింది.

చలికాలమంతా నా బల్ల నాకు దక్కలేదు. చట్టం, వృత్తి నీతి మీద ఒక పరీక్ష ఉంటే పట్నం వెళ్ళి రాసొచ్చాడు, పాసయ్యాడు. ఇక మూడు పూటలా నాకు ఆ నీతులే వడ్డించాడు. ఇంజనీరు ప్రజల క్షేమం ముందు చూడాలట, తనకు అర్హత లేని పని ముట్టుకోకూడదట. "ఒరేయ్, నాకెందుకురా ఇవన్నీ, నేను చేసేది జెట్టీలు కాదు, రొట్టెలు!" అని విసుక్కున్నా ఆపలేదు. ఇక మిగిలింది ఒక్కటే. ఈ పని ఇతను సొంత నిర్ణయంతో చేశాడు, నేను చూశాను అని పై ఇంజనీరు, లైసెన్సులిచ్చే ఇంజనీర్ల సంఘానికి రాసి పంపాలి. అంటే క్రిచ్‌గారు.

మార్చిలో ఆయన స్వయంగా దిగాడు. కొత్త రబ్బరు బూట్లు, దుకాణం చీటీ ఇంకా వేలాడుతూనే ఉంది. వచ్చినవాడు ఎంతటివాడైనా కూర్చోబెట్టి పెట్టడం మా ఊరి పద్ధతి కదా, తిట్టుకుంటూనే బఠాణీ సూపు వడ్డించాను. డిగ్రీ చదివిన ఇంజనీర్లు చిటికెన వేలికి పెట్టుకునే ఇనుప ఉంగరం ఆయన వేలికుంది. దాంతో నా కప్పును టకటకమని కొడుతూ మాట్లాడాడు.

"హెడ్లీ, నువ్వు నాకు సొంత తమ్ముడితో సమానం. రాస్తాను, బ్రహ్మాండంగా రాస్తాను. కానీ నిర్ణయాలు నీవే అని మాత్రం రాయలేను. అలా రాస్తే, మరి నువ్వు ముద్ర ఎందుకు కొట్టావయ్యా అని నన్నడుగుతారు. ముద్ర లాక్కుని, పేరు పేపర్లో వేస్తారు. ఈ వయసులో నాకది అవసరమా చెప్పు?"

"మీరు రాలేదు కద సార్," అన్నాడు మా వాడు, కొత్త కోడలి గొంతుతో.

"అందుకే ఇప్పుడొచ్చాను. రేపు నన్ను అన్ని రేవులూ తిప్పు. ప్రతి పనీ దగ్గరుండి చేయించాననీ, నేను చెప్పినట్టే నువ్వు నమ్మకంగా చేశావనీ రాస్తా. మంచి మాటే కద అది?"

"సూపు కూడా మీరే చేశారని రాసుకోండి," అన్నాను. ఆయన పెద్దగా నవ్వి, ఇంకో గరిటె పోయమన్నాడు. ఛీ! మనిషికి సిగ్గనేది ఒక అవయవమైతే ఆయన అది లేకుండానే పుట్టాడు.

మరునాడు మా తమ్ముడు ఆయన్ని చెయ్యి పట్టుకుని, మంచు పేరుకున్న జెట్టీల మీద ఒక్కొక్కదాని మీదా నడిపించాడు. ఆయన ఎక్కడికక్కడ పడవలు కట్టే గుంజ మీద చెయ్యేసి, కడుపు లోపలికి లాక్కుని, సముద్రాన్ని తనే తవ్వించినట్టు నిలబడేవాడు. "తీయి హెడ్లీ, తీయి." వీడు ఫోటోలు తీశాడు! మా రేవులో తీస్తున్నప్పుడు కిటికీలోంచి నేనే చూశాను. ఆయన సంగతి సరే, ఫోటో బాగా రాలేదని ఆయన్ని ఇంకోసారి నిలబెట్టింది నా తోడబుట్టినవాడు.

"సంఘంవాళ్ళు నిన్ను ఇంటర్వ్యూ చేస్తారు కద. అప్పుడు నిజం చెప్పరా," అన్నాను ఆయన వెళ్ళాక. వాడు తలూపాడు. చెబుతాడనే అనుకున్నాను. చెప్పేవాడేనేమో కూడా, ఊరివాళ్ళు రాకపోతే.

ముందు సెల్బీ వచ్చాడు, సీసాలో నిలవ పెట్టిన దుప్పి మాంసం పట్టుకుని. ఎప్పుడూ లేనిది తలుపు దగ్గర బూట్లు విప్పాడు.

"ఒరే హెడ్లీ, క్రిచ్ రాలేదని నువ్వు అక్కడ అన్నావనుకో, ఆ ముద్రలేవీ చెల్లవంటారు. మళ్ళీ పరీక్షలు చేసేదాకా తీరంలో ఉన్న జెట్టీలన్నిటికీ అడ్డంగా తాళ్ళు కట్టేస్తారు. ఏప్రిల్లో పీతల సీజను. పట్టినవి ఎక్కడ దింపమంటావు, మీ అక్క వంటింట్లోనా?"

"దింపు. ఉడికించి ఆ నీళ్ళు నీ నెత్తిన పోస్తా," అన్నాను.

"జెట్టీలు గట్టిగానే ఉన్నాయి సెల్బీ," అన్నాడు హెడ్లీ.

"నాకు తెలుసు, నీకు తెలుసు. పట్నంలో వాళ్ళకి తెలియొద్దూ?"

సెల్బీ వెనకే గార్లండ్ బాబాయ్ వచ్చాడు. మా నాన్న స్నేహితుడు, చర్చిలో ముందు బెంచీ మనిషి. అబద్ధం ఆడమని నోరారా అనలేదు ఆ పెద్దమనిషి. "లైసెన్సు నీ ఒక్కడికీ నాయనా, జెట్టీ ఊరందరిదీ. ఆలోచించుకో," అని నా టీ తాగి, మీసాలు తుడుచుకుని పోయాడు. ఆ తరువాత వచ్చినవాళ్ళంతా ఆ ముక్కే అన్నారు, తలా ఒక సీసాతో. ఇన్నాళ్ళూ ముద్ర ఏదిరా అని ఎగతాళి చేసినవాళ్ళే, వాడికి ముద్ర రాబోయే వేళకి వద్దురా అని బతిమాలడానికి వరస కట్టారు. వాళ్ళు కూర్చుని లేచిన కుర్చీలు నేను సబ్బు పెట్టి కడిగాను. మీరు నవ్వినా సరే, కడిగాను.

పీతలు రాకపోతే ప్లాంటు మూసేస్తారు, నాకూ పనుండదు. నేనక్కడ పీతల కాళ్ళు విరిచే మనిషిని. అయినా వాడి చెయ్యి పట్టుకుని చెప్పాను. "నా పని సంగతి నేను చూసుకుంటాను. నువ్వు నిజం చెప్పు."

"నిజం చెబితే నాకు లైసెన్సొస్తుంది," అన్నాడు వాడు. "అది పట్టుకుని ఏం చేయనక్కా? తాళ్ళు కట్టిన జెట్టీల చుట్టూ తిరగనా?"

ఆ మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. అది మరీ ఒళ్ళు మండించింది.

ఇంటర్వ్యూ నా వంటింట్లోనే జరిగింది, వాడింట్లో ఇంటర్నెట్టు సరిగా రాదని. కంప్యూటరు తెరమీద ముగ్గురు. మధ్యలో నెరిసిన జుట్టావిడ. వాడు పెళ్ళిళ్ళకు వేసుకునే కోటు తొడుక్కుని కూర్చున్నాడు. నేను తెర మీది వాళ్ళకు కనబడని మూల, బంగాళాదుంపలు చెక్కుతూ. ఊపిరి కూడా గట్టిగా తీయొద్దని ఆజ్ఞ.

"మిస్టర్ క్రిచ్ ప్రతి చోటికీ స్వయంగా వచ్చారని రాశారు. నిజమేనా?" అని అడిగింది ఆవిడ.

"వచ్చారండి."

"నిర్ణయాలన్నీ ఆయనవేనా?"

"ఆయన చెప్పినట్టే చేశానండి."

ఆవిడ కళ్ళద్దాలు తీసింది. పాపం, మంచి మనిషి. ఏదో పసిగట్టినట్టే ఉంది. "తొందరలేదు మిస్టర్ స్నూక్. ఇన్నేళ్ళలో మీ అంతట మీరు నిర్ణయించినది ఏదైనా ఉంటుంది. చిన్నదైనా సరే. ఒక్కటి చెప్పండి చాలు."

ఒక్కటి! ఏ దుంగ తీసేయాలో, ఏ రాయి ఎక్కడ నింపాలో, ఏ మూల పురుగు ఎటు తిరిగిందో నా ప్రతి ఆదివారం భోజనమూ పాడుచేసి మరీ చెప్పిన నోరది. నేను చాకు కింద పెట్టేశాను. చెప్పరా, చెప్పరా అని లోపల్లోపల అరుస్తున్నాను. వాడు బల్ల వైపు చూస్తూ కోటు గుండీలు సర్దుకున్నాడు.

"గుర్తు రావడం లేదండి," అన్నాడు చివరికి.

సొంతంగా నిర్ణయాలు తీసుకున్న అనుభవం లేనందున లైసెన్సు ఇవ్వలేమని ఏప్రిల్లో జవాబొచ్చింది. అదే వారం పీతల పడవలు కదిలాయి. ఏ జెట్టీకీ తాళ్ళు కట్టలేదు. మా గుమ్మం ముందు చేపలు, జాములు, రొట్టెలు వచ్చి పడ్డాయి, ఎవరు పెట్టారో కూడా తెలియకుండా. నేను అన్నిటినీ గట్టు మీద గుమ్మరించాను. సముద్రపు కాకులు తిని బలిశాయి. కంపెనీ కొత్తవాళ్ళు వాడిని తీసేశారు. ఆదివారాలు వస్తాడు, తింటాడు, సూపులో ఉప్పు సరిపోయిందంటాడు. ఆ పురుగుల గోల కోసం నేను మొహం వాచిపోయాను.

వేసవిలో మా రేవుకు కొత్త పడవల స్లిప్పు మంజూరైంది. చర్చి హాల్లో మీటింగు. బల్ల మీద కేకులు, టీ. ఎవరు ప్లాను గీయాలి అన్న మాట రాగానే ఒక పెద్దావిడ, "ఎవరేంటి, మన హెడ్లీ ఉన్నాడుగా," అంది. సెల్బీ గొంతు సవరించుకున్నాడు.

"హెడ్లీ మనవాడే, కాదనను. కానీ లైసెన్సు ఇవ్వలేదు వాడికి. సొంతంగా ఏ నిర్ణయమూ తీసుకోలేదని వాడే ఒప్పుకున్నాడట పైగా. రేపు స్లిప్పుకేదైనా అయితే ఎవరు జవాబుదారీ? పట్నం నుంచి లైసెన్సున్న ఇంజనీరునే పిలిపిద్దాం. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి."

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. లేచాను. "ఒరేయ్ సెల్బీ, నీ నోట్లో పురుగులు పడ! దుప్పి మాంసం పట్టుకుని నా ఇంటికొచ్చి నువ్వు..."

"అక్కా." హెడ్లీ నా చెయ్యి పట్టుకున్నాడు. "వాడు చెప్పింది సరైనదే. లైసెన్సు లేనివాడు ఆ పని ముట్టుకోకూడదు. పరీక్షలో ఉందది."

అందరికంటే ముందు లేచిన చెయ్యి వాడిదే. అది చూశాక గార్లండ్ బాబాయ్ ఎత్తాడు, అందరూ ఎత్తారు, వాడి పేరు చెప్పిన పెద్దావిడతో సహా. చేతులు దించాక హెడ్లీ నిలబడి, వచ్చే ఇంజనీరుగారికి టేపు రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాలంటే తాను ఖాళీగానే ఉన్నానన్నాడు.

"శెభాష్ ఇంజనీరూ!" అన్నాడు సెల్బీ. హాలంతా చప్పట్లు కొట్టింది.