మూతి కుట్టిన సంచి

మెట్ల కింద ఒక గది. ఎత్తు తక్కువగా ఉన్న వైపు ఇస్త్రీ బల్ల, ఎక్కువగా ఉన్న వైపు కుట్టుమిషను. అక్కడ కూర్చునే దర్జీ ఆవిణ్ణి వీధంతా ‘తాళాలక్క’ అని పిలుస్తుంది. కొత్తవాళ్ళు పాడైన తాళాలు పట్టుకుని బాగుచేయించుకోవడానికి వస్తే, ఆవిడ విసుక్కోకుండా మూడో వీధిలో షాపుకి దారి చెప్పి పంపిస్తుంది.

ఐదేళ్ళ కిందట తమ్ముడి బండి వెనక కూర్చుని ఇంటికి వస్తోంది. అతను తాగి ఉన్నాడు. మలుపులో బండి గోడని కొట్టుకుంది. అతను నాలుగు గీతలతో బయటపడ్డాడు. ఆవిడ ఎడమ మోకాలు మళ్ళీ వంగలేదు. నాలుగు నెలలు ఆస్పత్రిలో ఉండి వచ్చి, తొక్కే మిషనుకి మోటారు పెట్టించుకుంది. “కాలు రాజీనామా ఇచ్చింది, చేతులు ఇంకా డ్యూటీలోనే ఉన్నాయి” అంటుంది, అడిగినవాళ్ళు ఇబ్బంది పడకుండా.

నడవడం వచ్చాక గ్యారేజీల దగ్గరా, బస్సు డిపో దగ్గరా, కంపెనీ గేట్ల దగ్గరా నిలబడి తాగి బండి నడపొద్దని చెప్పడం మొదలుపెట్టింది. అందరూ బుద్ధిగా తల ఊపేవాళ్ళు. “నా మాటకి కాదు, నా చేతికర్రకి ఊపేవాళ్ళు” అంది నాతో. జాలిపడి మంచినీళ్ళిచ్చిన మెకానిక్కే ఆ సాయంత్రం తూలుతూ బండెక్కడం చూశాక, మాటలు చాలవని ఆవిడకి తెలిసొచ్చింది.

అప్పుడు పుట్టిందే ఈ సంచి. మిగిలిన గుడ్డముక్కలతో అరచేతి అంత సంచులు కుట్టింది. విందులు జరిగే హాలు గుమ్మం దగ్గర బల్ల వేసుకుని కూర్చుంటుంది. తాగేవాళ్ళు బండి తాళం సంచిలో వేస్తే, వాళ్ళ కళ్ళముందే దాని మూతికి పది కుట్లు వేసి, నంబరు చీటీ ఇస్తుంది. వెళ్ళేటప్పుడు సూది తీసుకుని ఆ పది కుట్లూ గుడ్డ చిరగకుండా విప్పాలి. చిరిగిందా, టాక్సీలో పోవాలి. తాళం మర్నాడు మెట్ల కింద గదిలో తీసుకోవాలి.

“ఇది విందు హాలా, కుట్టు పరీక్షా?” అన్నాడు మొదట్లో హాలు మేనేజరు. ఒక పెద్దమనిషి కారుతో హాలు గేటునే పడగొట్టాక, బల్ల తనే తెచ్చి వేశాడు.

“తాగినవాడు కూడా పది కుట్లూ విప్పేస్తే?” అని అడిగాను.

“మూడో కుట్టు దగ్గరే సగంమంది టాక్సీ పిలవమంటారు. మిగతావాళ్ళకి తమ చేతులు ఎలా వణుకుతున్నాయో తమకే కనబడుతుంది. అప్పటికీ విప్పేశాడే అనుకో, వాడితో కూర్చుని వాదిస్తాను. నాకేం తొందర!”

ఒకరోజు నా ప్యాంటు అంచు మడుస్తూ, ఎక్కడా చెప్పని సంగతి ఒకటి చెప్పింది. ప్రమాదం జరిగిన రోజు తమ్ముడు బండి ఎక్కనన్నాడు. తాళం తీసి ఆవిడ చేతిలోనే పెట్టాడు. మర్నాడు పొద్దున్నే కంపెనీకి నలభై యూనిఫారాలు ఇవ్వాలి, ఇంకా గుండీలు కుట్టలేదు. ఆవిడే తాళం తిరిగిచ్చి, ఎక్కమని తొందరపెట్టింది. ఈ మాట అతనూ ఎవరికీ చెప్పలేదు. వాళ్ళమ్మ ఐదేళ్ళుగా కొడుకుతో నేరుగా మాట్లాడదు. “మీ తమ్ముణ్ణి భోజనానికి రమ్మను” అని కూతురితో చెప్పిస్తుంది, అతను పక్క గదిలోనే ఉన్నా సరే.

“చెప్పేయొచ్చుగా?” అన్నాను.

“రోజూ అనుకుంటాను. చెబితే అమ్మ మొహం ఎలా చూడను? హాల్లో నాకు తాళం ఎవరిస్తారు?” అని దారం కొరికింది.

ఆమధ్య ప్రింటింగు ప్రెస్సు ఫోర్‌మన్ రిటైరయితే ఆ హాల్లోనే మధ్యాహ్నం విందు. నన్నూ పిలిచారు. తాళాలక్క బల్ల దగ్గర ఉంది. పక్కన తమ్ముడు చీటీలు రాస్తున్నాడు. అతను ప్రమాదం జరిగిన రోజు నుంచి చుక్క ముట్టలేదు. మాట కూడా తగ్గించాడు.

భోజనాలయ్యాక ఫోర్‌మన్ హుషారుగా వచ్చాడు.

“అమ్మాయ్, ముప్పై ఏళ్ళు అక్షరాలు పేర్చిన చేతులివి. నీ పది కుట్లు నాకొక లెక్కా?”

“చేతలు చూపించండి బాబాయ్, మాటలు తర్వాత.”

రెండు కుట్లు విప్పాడు. మూడోది వేలికి గుచ్చుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన మొహం మాడ్చుకున్నాడు. వెనకనుంచి ఆయన భార్య వచ్చి సంచి లాక్కుంది.

“ఇలా తెండి, మీతో అయ్యేలా లేదు. చుట్టాలు వచ్చి ఇంటి గుమ్మంలో నిలబడి ఉంటారు.”

అర నిమిషంలో మిగతా కుట్లన్నీ విప్పేసింది. గుడ్డ ఎక్కడా చిరగలేదు. తాళం భర్త చేతిలో పెట్టింది.

“నెమ్మదిగా పోనివ్వండి. నాలుగు వీధులేగా.”

తాళాలక్క చేతికర్ర లేకుండానే లేచి నిలబడింది.

“పిన్నీ, ఆగండి.”

“ఇంకేంటమ్మా? విప్పాంగా!”

“విప్పింది మీరు. నడిపేది ఆయన.”

“వెళ్ళేది ఇద్దరం. నీకేంటి నొప్పి?”

తాళాలక్క తమ్ముడి వైపు చూసింది. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు అతను. హాల్లో సగం మంది వాళ్ళ వీధివాళ్ళే.

“మీరన్న మాటే నేనూ అన్నాను పిన్నీ, ‘నెమ్మదిగా పోనివ్వరా’ అని. వీడు తాగానని చెప్పి, తాళం నా చేతికిచ్చి, బస్సులో పోదాం అన్నాడు. గుండీలు కుట్టాలని నేనే తిరిగిచ్చాను. ఐదేళ్ళుగా ఊరందరికీ తాగినవాడి సంగతే చెప్పాను. తాళమిచ్చినదాని సంగతి దాచాను.”

తమ్ముడు చీటీల కట్ట సర్దుతూ ఉండిపోయాడు. ఆ కట్ట అప్పటికే సర్ది ఉంది. ఫోర్‌మన్ భార్య భర్త పిడికిట్లోంచి తాళం తీసుకుని చేతిసంచిలో వేసుకుంది.

“పదండి, నడుద్దాం. చుట్టాలు కాసేపు నిలబడితే అరిగిపోరు.”

“ఎండగా ఉందే!”

“తాగినప్పుడు లేదా ఎండ?”

వారం తర్వాత మెట్ల కింద గదికి వెళ్ళాను. ఆ వారంలో హాల్లో రెండు విందులు జరిగితే, తాళాలు ఎప్పటిలాగే వచ్చాయట. బండి నడిపేవాడే కుట్లు విప్పాలని బల్ల మీద కొత్తగా ఒక అట్ట పెట్టిందట.

“అమ్మకి తెలిసిందా?” అన్నాను.

“ఆ సాయంత్రమే. నేను ఇంటికి చేరేలోపే కబురు చేరింది.”

“ఏమంది?”

మిషను ఆపింది. నవ్వుతోందో, కళ్ళు తుడుచుకుంటోందో నాకు సరిగ్గా తెలియలేదు.

“నాతో ఏమీ అనడం లేదు. ‘ఒరేయ్, మీ అక్కని భోజనానికి రమ్మను’ అంటోంది వాడితో.”