మామ కుంటలో బిందెడు తిలాపియాలు

నేనొక నిండు కుంటను నాశనం చేశాను. వరద తేలేదు, విషం కలపలేదు. ఒక్క ఇత్తడి బిందెతో సాధించాను. అప్పుడు నేను కొత్తల్లుణ్ణి, పైగా బీయస్సీ పాసైనవాణ్ణి. ఈ రెండూ ఒకే మనిషిలో కలిస్తే ఊరికెంత ప్రమాదమో చెప్తాను, వినండి.

డెబ్బైల చివరి రోజులవి. తొర్రూరు దగ్గర మా మామ పొలం పక్కన చిన్న కుంట ఉండేది. ఈస్టర్ ముందు వచ్చే తపస్సు కాలంలో శుక్రవారాలు మేం మాంసం ముట్టం కదా, వాడలోని క్రైస్తవ ఇళ్లన్నిటికీ ఆ కుంట పరకలే దిక్కు. వేలెడంత చేపలు. మామిడికాయ వేసి మా అత్తమ్మ పులుసు పెడితే, అది తపస్సన్న సంగతే మరిచిపోయేవాళ్లం. పొద్దున్నే పరకల్ని ఆకుల్లో కట్టి ఇంటింటికీ పంచడం మామకు పెద్ద సంబరం.

నాకు మాత్రం వాటి సైజు నచ్చలేదు. డోర్నకల్‌లో రైల్వేలో పనిచేసే దోస్తు తొట్టిలో తిలాపియాలు పెంచేవాడు. వాటిని బిందెలో పోసుకుని, రెండు బస్సులు మారి, పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని తెచ్చాను.

"ఇవేం చేపలు అల్లుడా?" అన్నాడు మామ.

"ఫారిన్‌వి మామా. జల్ది పెరుగుతయి."

"మన పరకలను ఏమన్న చేస్తయా?"

"ఫికర్ చెయ్యకుండ్రి. ఇవి నాచు తింటయి. నేను చదువుకున్న."

నేను చదువుకున్నది మొక్కల గురించి. ఆ ముక్క మామకు చెప్పలేదు, మీకు చెప్తున్నాను.

తిలాపియా తన పిల్లల్ని నోట్లో దాచుకుని కాపాడుకుంటుందట. పక్కింటి గుడ్లు కనిపిస్తే అదే నోటితో మింగుతుందట. రెండేళ్లు తిరిగేసరికి వలనిండా నల్లటి తిలాపియాలే.

"పరకలేవి అల్లుడా?"

నేను వలంతా వెతికాను. ఒక్కటీ లేదు. మామ తిట్టలేదు, ఆకులు పట్టుకుని గట్టుమీద కూర్చుండిపోయాడు. తిట్టినా బాగుండేది.

చివరికి తిలాపియాలే పంచాం. పక్కింటి మరియమ్మవ్వ కట్ట తిరిగి తెచ్చింది.

"మట్టి వాసన వస్తాంది బిడ్డా. ఇవి తినుడుకన్న ఉపాసం ఉండుడే నయం."

నా పుణ్యమా అని వాడంతా ఆ ఏడు నిజంగా ఉపవాసం చేసింది.

ఈస్టర్ పండుగ ముందు, ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్లి, "ఫాదర్, మా మామ కుంటల పరకలు లేకుండ చేసిన" అన్నాను.

తెర అవతల కుర్చీ కిర్రుమంది.

"అయితే అది నువ్వేనా, నాయనా?"

ప్రతి శుక్రవారం ఫాదర్ ఉండే గుడి ఇంటికీ ఒక కట్ట వెళ్లేదని నాకప్పుడు వెలిగింది!

"ప్రాయశ్చిత్తం ఏంది ఫాదర్?"

"ఆ తిలాపియాలు ఒడిసేదాక నువ్వే తిను."

మామ పోయి చాలా ఏళ్లయింది. ఆయన్ని తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. తిలాపియాలు మాత్రం ఇంకా ఒడవలేదు, నేను తింటూనే ఉన్నాను. కనుక మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఏ నీళ్లలోనూ నా చేత్తో చేపను వదలను. మొన్న మనవరాలు గాజుతొట్టి కావాలని మారాం చేస్తే కొనిచ్చాను. అందులో ఉత్త నీళ్లే పోశాను.