కొంగరాణి పావడాకి పెట్టని గంజి

గ్లఫీరా పొతాపొవ్నా కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. ఆవిడ నడుం ఆవిడ మాట వినడం మానేసి చాన్నాళ్లయింది. అయినా నాటకశాల దుస్తుల గదిలో ఆవిడే దిక్కు, అందరికీ ఆవిడే పిన్ని. పని చేస్తున్నంతసేపూ నోట్లో గుండుసూదులుంటాయి కాబట్టి తిట్టలేదు. ఆట పిల్లలు ఏ తప్పైనా ఆ టైములోనే వచ్చి చెప్పేసి పోతుంటారు.

యుద్ధానికి ముందు, లెనిన్‌గ్రాద్‌లో, ఆవిడ కుట్టిన బాలే నాట్యపు పావడా నడుం చుట్టూ పళ్లెంలా నిలబడేది. అంతా పట్టు వల, పొర మీద పొర. తర్వాత బాంబులు మొదలయ్యాయి. బృందం మొత్తాన్ని రైలెక్కించి తెచ్చి కామా నది ఒడ్డున ఈ ఊళ్లో దించారు. పట్టు వల ఉన్న పెట్టెలు అక్కడే నేలమాళిగలో ఉండిపోయాయి. మొదటి చలికాలం కిటికీ తెరలు కత్తిరించి కుట్టింది. అవయ్యాక దోమతెరలు. ఇప్పుడు ఆసుపత్రివాళ్లు ఉతికీ ఉతికీ ఇంక కట్టుకి పనికిరాదని పక్కన పడేసే గాజుగుడ్డ. పావడా కూడా రొట్టెలాగే, రాను రాను పల్చబడిపోయింది.

"ఇంకో ఏడాది సాగిందంటే మన పిల్లలు ఆకులు కట్టుకుని ఆడాలి పిన్నీ" అనేది ఇస్త్రీ చేసే ఫయీనా.

"ఈ మంచులో ఆకులెక్కడివే మొహమా. ముందు ఆ ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు చూడు."

గాజుగుడ్డతో ఒకటే తంటా. గంజి పెడితే నిలబడుతుంది, లేకపోతే తడిసిన కోడిలా వేలాడుతుంది. గంజికి బంగాళాదుంప పిండి కావాలి. దర్శకుడు వెనెదిక్త్ ల్వోవిచ్ ఊరి పెద్దల కాళ్లావేళ్లా పడితే ఎప్పుడో ఓ చిన్న సంచి వచ్చేది. ఊళ్లో జనం కడుపుకి లేక ఏడుస్తుంటే పావడాకి పిండి ఏంటని వాళ్లూ గొణిగే ఇచ్చేవాళ్లు.

ఆ సంచి తరిగిపోతోంది. గ్లఫీరా దాన్ని పాత కిరీటాల పెట్టెలో దాచింది. అయినా తరిగింది.

"ఎలుకలే" అంది.

"ఎలుకలైతే తినేసి మళ్లీ మూత పెట్టి పోతాయా పిన్నీ?" అంది ఫయీనా. "అంత మర్యాద నాటకశాలలో మనుషులకే లేదు."

ఓ మధ్యాహ్నం సాధన అయ్యాక గ్లఫీరా కాళ్లీడ్చుకుంటూ వచ్చి తలుపు తోసేసరికి, కిరీటాల పెట్టె ముందు కొత్తగా వచ్చిన ఆట పిల్ల అగ్నియా కూర్చుని ఉంది. సంచిలో వేలు. మూతి తెల్లగా, అద్దం చూడకుండా ముఖానికి రంగేసుకున్నట్టు.

"ఏం తింటున్నావే?"

"ఏం లేదు పిన్నీ."

"మూతి తుడుచుకుని చెప్పవే ఆ మాట."

అగ్నియాని ఆ శరత్కాలంలోనే, జర్మన్లు తిండి రానివ్వకుండా చుట్టుముట్టిన లెనిన్‌గ్రాద్ ముట్టడిలోంచి సరస్సు దాటించి తెచ్చారు. వచ్చినప్పుడు కొయ్య హ్యాంగరుకి తగిలించిన కోటులా ఉండేది, ఇప్పుడూ కాస్త అంతే. వచ్చే ఆదివారం గాయపడ్డ సైనికుల ముందు కొంగరాణి వేషం కట్టాలి. అది ఆటా, పరీక్షా కూడా. గెలిస్తే బృందంలోకి తీసుకుంటారు, పనివాళ్ల రేషన్ రొట్టె కార్డు వస్తుంది. లేదంటే ఇంట్లో కూర్చునేవాళ్లకిచ్చే కార్డు. దానికొచ్చే రొట్టె ముక్కతో ఈ పిల్ల వసంతం చూడదని గ్లఫీరాకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"రెండో అంకంలో మోకాళ్లు వణుకుతున్నాయి పిన్నీ. ఇది నాకితే కాసేపు ఆగుతున్నాయి" అంది అగ్నియా. ఏడవలేదు. ఏడవడానికీ ఓపిక కావాలి కదా.

గ్లఫీరా సంచి ఎత్తి చూసింది. ఒక్క పావడాకి చాలు, అంతే. ఆదివారం పావడా వాలిపోతే పిల్ల పరువు పోతుంది. పావడా బాగుండి పిల్ల వాలిపోతే పిల్లే పోతుంది. ఆవిడేమీ దేవత కాదు, ముందు ఓ పావుగంట తిట్టింది. దొంగా అంది, గాడిదా అంది, మీ తరమే ఇంత అంది. తిట్టి తిట్టి అలిసిపోయి పొయ్యి మీద గిన్నె పెట్టింది.

"పచ్చి పిండి తింటే కడుపు రాయవుతుందే. కూర్చో."

గడ్డకట్టిన ఎర్ర పుల్లపండ్లు నాలుగు వేసి పిండిని జావ కాచింది. ఆదివారం దాకా రోజూ ఓ గిన్నె, తలుపు గడియ వేసి మరీ తాగించింది.

"మరి కొంగరాణికో?" అంది ఫయీనా.

"వడ్రంగి దగ్గర బంకుందిగా. అదీ బిగుస్తుంది."

ఆ బంక పశువుల ఎముకలూ తోళ్లూ ఉడికించి చేసేది. శనివారం గ్లఫీరా దాన్ని నీళ్లలో కాచి, గాజుగుడ్డ ముంచి, పొయ్యి దగ్గర ఆరేసింది. వాసన మెట్లు దిగి వెళ్లింది. కాసేపటికి తలుపు దగ్గర నలుగురైదుగురు ఆడపిల్లలు, అందరూ ముట్టడిలోంచి వచ్చినవాళ్లే.

"పిన్నీ, భోజనమా?"

ఆ ముట్టడిలో తిండి లేక వాళ్లు ఈ బంకనే కాచుకుని, గడ్డకట్టాక ముక్కలు కోసుకుని తిన్నారు. గ్లఫీరా గరిటె వదిలి గిన్నె మీద మూత పెట్టింది. ఫయీనాయే వాళ్లని తోలేసింది: "పోండమ్మా పోండి, ఇది కొంగ తిండి!" వాళ్లు నవ్వారు. నవ్వినా ముక్కులు మాత్రం లోపలే ఉన్నాయి.

పావడా ఆరింది. టీ రంగులోకి తిరిగింది, ముట్టుకుంటే వేలికి అంటుకుంది. గ్లఫీరా దాన్ని వేడినీళ్లలో పడేసి, బంకంతా పోయేదాకా పిండింది. గంజి లేదు, బంక లేదు, పొద్దు లేదు. పొట్టిగా ఉంటే గబ్బిలంలా వేలాడుతుందని, మిగిలిన గుడ్డంతా కింద అతికి మోకాళ్లు దాటించింది.

ఆదివారం వెనెదిక్త్ ల్వోవిచ్ చూసి జుట్టు పీక్కున్నాడు.

"ఇదేంటి గ్లఫీరా పొతాపొవ్నా! కొంగరాణా, స్నానాల గదికి బయల్దేరిన బామ్మా?"

"ఉన్నది ఇదే. నచ్చకపోతే మీ గడ్డం గొరిగివ్వండి, ఇంకో పొర వేస్తాను."

తెర లేచింది. మందపాటి కోట్లు కప్పుకుని కూర్చున్న సైనికుల్లోంచి ఎవడో అరిచాడు: "ఒరేయ్, అది నా కాలి కట్టురా!" హాలంతా ఘొల్లుమంది. అగ్నియా తల తిప్పలేదు. రెండో అంకంలో మోకాళ్లు వణికాయి. పక్క తెర చాటు నుంచి గ్లఫీరాకి పావడా అంచు అదరడం కనబడింది. పిడికిలి బిగించి, "నిలబడవే, నిలబడు" అని పళ్ల మధ్య గొణిగింది. చూసేవాళ్లు అది కొంగ ఈకలకి తగిలే గాలేననుకున్నారేమో, మళ్లీ ఎవరూ నవ్వలేదు. పిల్ల పడలేదు. చివరి దాకా ఆడింది.

మర్నాడు కార్డు వచ్చింది. వెనెదిక్త్ ల్వోవిచ్ ఊరి పెద్దలతో, పొడవు పావడా తన కొత్త పద్ధతేనని చెప్పి, కొంగ వేషాలన్నిటికీ అదే కుట్టమని గ్లఫీరాకి పురమాయించాడు.

గ్లఫీరా పాత పావడాలన్నీ ఒళ్లో కుప్ప పోసుకుని కుట్లు విప్పుతుంటే అగ్నియా వచ్చింది. రుమాల్లో తన మొదటి రొట్టె, సగం విరిచి ఉంది.

"నాకొద్దే. నువ్వు తిను."

"తినేశాను పిన్నీ, నా సగం."

గ్లఫీరా రొట్టె వైపు చూసింది. తీసుకుని, అక్కడే, ఒళ్లో గాజుగుడ్డ మీద పొడి రాలకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని నమలడం మొదలెట్టింది.

"అలా నిలబడి చూస్తావేం, ఆ కొస పట్టుకో" అంది నిండు నోటితో. "ఇంకా బోలెడు కొంగలున్నాయి."