చిన్నాయనకు చూపించిన చేను

మా చిన్నాయన పోయాడని చిన్నమ్మ ఫోన్ చేసినప్పుడు నేను బెంగళూరు ఆఫీసులో ఒక దొర గడ్డం చూస్తున్నాను. అచ్చం నిజంలా కనిపించాల్సిన వీడియో గేముల్లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. ఆ దొర తల తిప్పినప్పుడల్లా గడ్డం కోటు కాలరులోకి దూరి అవతల తేలుతోంది. "మీ చిన్నాయన ల్యాకపాయె పాపా" అని చిన్నమ్మ ఏడుస్తోంది. నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు. హమ్మయ్య, ఇక నాకు వంకలు పెట్టేవాడు లేడు అనుకున్నాను. తిట్టుకునేవాళ్ళు తిట్టుకోండి.

మా ఊరు క్యాతగానచెర్లులో ఆయన నోటికి జడవనివాళ్ళు లేరు. పెళ్ళికి పోతే పందిరి వంకర అనేవాడు. చావుకు పోతే పాడె కట్టు వదులుగా ఉందని, వాళ్ళ ఏడుపు మధ్యలోనే అనేవాడు. పదో తరగతి ఫస్ట్ క్లాసులో పాసై మార్కుల కార్డు తెచ్చి చూపిస్తే, మార్కులు చూడకుండా ఫొటోలో నా పాపిడి వంకరగా ఉందన్నాడు. నేను ఏడిస్తే, "ఉండేదే చెప్పినా. ఏడిస్తే పాపిడి నెట్టగైతాదా?" అన్నాడు.

డిగ్రీ అయి పని లేక ఇంట్లో ఉన్న రోజుల్లో ఒక గేము తెరిచి అందరికీ చూపించాను. "సినిమా మాదిరే ఉండాదే!" అని ఇంటిల్లిపాదీ నోరు వెళ్ళబెట్టారు. చిన్నాయన కాసేపు చూసి బీడీ ఆర్పాడు.

"వాడు మిట్ట ఎక్కుతాండాడు గదా, ఒళ్ళు ముందుకు వంగల్ల గదా? పొద్దు ఈపక్క ఉండాది, నీడా ఈపక్కే పడతాండాది. గడ్డి వాని కాళ్ళల్లోంచి పోతాండాది. ఇంత దుడ్డు పోసినారే, కండ్లుండేటోడు ఒగడూ దొరకల్యా వాళ్ళకి?"

ఆ మాటల్నే ఇంగ్లీషులో ఇంటర్వ్యూలో ఒప్పజెప్పాను. ఉద్యోగం ఇచ్చారు. ఈ రోజు నేను తినే అన్నం ఆయన చలవే, కాదనను.

ఆయన చేను అప్పటికే సోలార్ పార్కు కింద కౌలుకు పోయింది. కంచె, లోపల పలకలు, గేటు దగ్గర సెక్యూరిటీ. పైగా షుగర్ వల్ల చూపు తగ్గుతోంది. ఒకనాడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "నా చేను చేసి చూపీ పాపా, ఆ పెట్టెలో. పలకలు పెట్టకముందు ఎట్లుండెనో అట్ల. కండ్లు పోకముందు ఒగసారి చూసుకుంటా" అన్నాడు. ఆయన ఎవరినైనా ఏదైనా అడగడం నేను వినడం అదే మొదలు.

మూడు నెలల ఆదివారాలు దానికే పోశాను. ఎర్రమట్టి, ఎనిమిది వేరుశనగ సాళ్ళకు ఒక కంది సాలు, గట్టు మీద తంగేడు. తెచ్చిన ప్రతిసారీ వంకే. "గాలొస్తే చెట్లన్నీ ఒక్కతూరే ఊగుతాయా? ఇవేమన్నా డ్రిల్లు చేస్తాండాయా?" అన్నాడు. సరిచేశాను. చివరిసారి ఒక వేరుశనగ చెట్టు పీకమన్నాడు. పీకాను. కాయలు తళతళలాడుతూ వచ్చాయి.

"వేరుకు మట్టి అంటల్యా. పీకిన తావున గుంత పడల్యా. ఇది చేను కాదు పాపా."

నాకు ఒళ్ళు మండింది. వచ్చిన చుట్టాల ముందే అనేశాను. "చేను బాడుక్కిచ్చి కాలు మీద కాలేసుకొని తింటాండావు, నీకింక మట్టితో ఏం పని చిన్నాయనా?"

ఎవరికీ బదులు బాకీ ఉండని మనిషి ఆ రోజు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. లేచి లోపలికి పోయాడు. ఆ కోపంలోనే నేను ఆ చేనును కంప్యూటరులోంచి చెరిపేశాను.

కొన్నాళ్ళకు మళ్ళీ ఊరికి వెళితే, "ఆ చేను తెచ్చినావా?" అని మెల్లగా అడిగాడు. చూపు బాగా మందగించిందని అప్పటికే విన్నాను. కచ్చ తీరక, మా ఆఫీసు గేములోని చేను ఒకటి తెరిచి ఆయన ముందు పెట్టాను. ఎక్కడిదో చలిదేశం. నడుమెత్తు గోధుమలు, మధ్యలో ఒక తెల్ల గుర్రం. చాలాసేపు చూశాడు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు.

"బాగుండాది పాపా. ఒగ తప్పూ ల్యాదు."

గుడ్డివాడికి గోధుమలు చూపించి గెలిచాను. బస్సులో నాలో నేను నవ్వుకున్నాను కూడా.

పదకొండో దినం చుట్టాలు భోజనాలకు కూర్చున్నాక చిన్నమ్మ నా దగ్గరికి వచ్చింది. "నా కూతురు నా చేను చేసిందని ఊరంతా చెప్పుకున్యాడు ఆయప్ప. నేనొక్కదాన్నే చూడల్యా. చూపీ పాపా" అంది. చూపించడానికి నా దగ్గర ఇంకేముంది? ఆ గోధుమలే తెరిచాను.

చిన్నమ్మ మొహం మారిపోయింది. "ఇదా ఆయప్పకి చూపిచ్చింది?"

"కనపడదనుకుంటి చిన్నమ్మా."

"కనపడకేం? ఆ వారమే అనంతపురంలో కంట్లో సూదులేయిచ్చుకొని వచ్చె. చూపు తేటగొచ్చె. నువ్వొచ్చిన పొద్దు తెల్లార్నే, నేను ఏరిన బియ్యంలో నాలుగు రాళ్ళు తీసి నా చేతిలో పెట్టి తిట్టినాడు గదమ్మా."

నేను ల్యాప్‌టాప్ మూయబోయాను. చిన్నమ్మ మూయనివ్వలేదు. కొంగుతో తెర తుడిచి, ఆయన ఆ రోజు చూసినంతసేపూ తనూ ఆ గోధుమల్నే చూస్తూ కూర్చుంది.